పేరొక్కటే, ప్రాణులు రెండు



మన ట్రస్టు ఉపకార వేతనాల ఎంపిక కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ని. బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ని. చదివింది బి.కాం. జీవశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ఈ సంచికలో మొక్కల పేర్లు, జంతువుల పేర్ల గురించి రాయడానికి కూర్చున్నాను. ఒక అమ్మాయి తెచ్చిన ప్రాజెక్టు ఫైలు, దానికి నేను వేసిన మార్కులు ఇందుకు కారణం.

ఆ అమ్మాయి పదకొండో తరగతి సైన్సు చదువుతోంది. ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు తాను చేసిన ప్రాజెక్టు వెంట తెచ్చింది. మన నాందేడ్‌లో గోదావరి ఒడ్డున, గుళ్ల దగ్గర, రోడ్ల పక్కన కనిపించే ఫైకస్ జాతి చెట్ల మీద ఆ ప్రాజెక్టు. ఆకులు ఎండబెట్టి అతికించి, ఒక్కో ఆకు కింద మూడు పేర్లు రాసింది. మన ఇంట్లో రావి, పక్కింటి మరాఠీ వాళ్లకు పింపళ్, పుస్తకంలో ఫైకస్ రెలిజియోసా. మనకు మర్రి, వాళ్లకు వడ్, పుస్తకంలో ఫైకస్ బెంగాలెన్సిస్. మనకు మేడి, వాళ్లకు ఉంబర్, పుస్తకంలో ఫైకస్ రేసిమోసా. చక్కటి దస్తూరి. చూడగానే ముచ్చటేసింది.

చివరి పేజీలో ఇతర ప్రాంతాల ఫైకస్ చెట్లంటూ ఇంటర్నెట్ నుంచి తీసిన బొమ్మలు నాలుగు అతికించింది. మూడింటిలో చెట్లున్నాయి. నాలుగోదాని కింద ఫైకస్ వేరియగేటా అని రాసి ఉంది, బొమ్మలో మాత్రం చెట్టు లేదు. సముద్రపు నత్తగుల్ల ఉంది!

"ఇది చెట్టా అమ్మా?" అని అడిగాను.

"పేరు అదే ఉంది సార్" అంది.

మా నలుగురికీ నవ్వొచ్చింది. చూసుకోకుండా ఎక్కడిదో తెచ్చి అతికించిందని అందరం అనుకున్నాం. ప్రాజెక్టుకు పది మార్కులుంటే నేను మూడు వేసి, పక్కన 'కాపీ' అని కూడా రాశాను. అమ్మాయి ఇంకేమీ మాట్లాడలేదు. ఫైలు మూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. వాళ్ల నాన్నగారికి మరమగ్గం మీద కూలి పని. ఆ ఏడు మేం ఇవ్వగలిగినవి తక్కువ, వచ్చిన దరఖాస్తులు ఎక్కువ. ఏడు మార్కులు పోతే జాబితాలో పేరు ఉండదని నాకూ తెలుసు.

ఆ రాత్రి "పేరు అదే ఉంది సార్" అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. ఎందుకో తర్వాత చెబుతాను. మర్నాడు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ఒక మిత్రుడి దగ్గరకు వెళ్లి అడిగాను. ఆయన నవ్వి, "ఆ నత్త పేరు ఫైకస్ వేరియగేటాయే. ఆ పేరుతో చెట్టూ ఉంది. రెండూ నిజమే" అన్నారు. ఆ తర్వాత ఆయన దగ్గర రెండు వారాలు కూర్చుని నేర్చుకున్నదే ఈ పాఠం.

ముందుగా శాస్త్రీయ నామం సంగతి. స్వీడన్ దేశస్థుడు కార్ల్ లిన్నేయస్ 1753లో మొక్కల మీద 'స్పీసీస్ ప్లాంటారమ్' అనే గ్రంథం, 1758లో జంతువుల మీద 'సిస్టమా నాచురే' పదో ముద్రణ వెలువరించారు. మొక్కల పేర్లకు మొదటిదాన్ని, జంతువుల పేర్లకు రెండోదాన్ని లెక్కకు మొదలుగా పెట్టుకున్నారు. ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు. మొదటిది ప్రజాతి పేరు, రెండోది జాతి పేరు. ఇది మన పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే మన తెలుగువాళ్ల పద్ధతీ ఇదే. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. ఫైకస్ అన్నది ఇంటిపేరు. రెలిజియోసా, బెంగాలెన్సిస్, రేసిమోసా ఆ ఇంట్లో పిల్లల పేర్లు.

రాసేటప్పుడు ఇంటిపేరు మొదటి అక్షరం ఇంగ్లీషు పెద్ద బడిలో ఉండాలి, రెండో మాట అంతా చిన్న బడిలోనే ఉండాలి. అచ్చులో వాలు అక్షరాలు వాడతారు. చేత్తో రాస్తే రెండు మాటల కిందా విడివిడిగా గీత గీయాలి, ఒకే గీత లాగకూడదు. పరీక్షల్లో మన పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి తల్లిదండ్రులు కూడా ఒకసారి నోటుబుక్కులు తెరిచి చూడగలరని మనవి.

పెట్టిన పేరు ఎంతమందికైనా ఉండవచ్చు. మన వాడకట్టులో లక్ష్మి అని పిలిస్తే నలుగురు పలుకుతారు కదా, అలాగే 'ఇండికా' అనే పేరు. మామిడి మాంజిఫెరా ఇండికా, చింత టామరిండస్ ఇండికా, వేప అజాడిరక్టా ఇండికా. భారతదేశానికి చెందినది అని దాని అర్థం. ఇంటిపేర్లు వేరు కాబట్టి ఏ చిక్కూ లేదు.

చిక్కు ఇంటిపేరుతోనే. ఒకే రిజిస్టరులో రెండు వేరు వేరు ప్రజాతులకు ఒకే పేరు ఉండటానికి వీల్లేదు. ముందు పెట్టినవారిదే హక్కు, తర్వాత వచ్చినవారు మార్చుకోవాలి. దీనికి మా మిత్రుడు చెప్పిన ఉదాహరణ నాకు భలే నచ్చింది. ఆస్ట్రేలియాలో బాతు ముక్కు ఉండే, గుడ్లు పెట్టి పిల్లలకు పాలిచ్చే వింత జంతువు ఉంది, పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసే ఉంటారు. దాని చర్మం ఇంగ్లండు చేరినప్పుడు ఎవరో బాతు ముక్కు తెచ్చి కుట్టారేమోనని జార్జి షా అనే శాస్త్రజ్ఞుడికి అనుమానం వచ్చింది. చివరకు నమ్మి, 1799లో ప్లాటిపస్ అనటైనస్ అని పేరు పెట్టారు. కాని ప్లాటిపస్ అనే పేరును 1793లోనే హెర్బ్‌స్ట్ అనే జర్మన్ పండితుడు ఒక పెంకుపురుగుకు పెట్టేశారు. పురుగు చిన్నదే, హక్కు మాత్రం దానిదే. 1800లో బ్లూమెన్‌బాక్ అనే మరో పండితుడు అదే జంతువుకు ఆర్నిథోరింకస్ అనే ఇంటిపేరు పెట్టి ఉన్నారు కాబట్టి అది నిలిచింది. షా పెట్టిన రెండో మాట పోలేదు. ఇప్పుడు దాని పేరు ఆర్నిథోరింకస్ అనటైనస్. పెళ్లయి అత్తారింటికి వచ్చిన కోడలికి ఇంటిపేరు మారి, పెట్టిన పేరు మిగిలినట్టు. లోకమంతా ఇప్పటికీ ప్లాటిపస్ అనే పిలుస్తుంది, అది వేరే సంగతి.

మరి అంత కట్టుదిట్టమైన నియమం ఉంటే చెట్టుకూ నత్తకూ ఒకే పేరు ఎలా వచ్చింది? రిజిస్టర్లు వేరు కాబట్టి. జంతువుల పేర్ల నియమావళి వేరు, మొక్కల పేర్ల నియమావళి వేరు. జంతువుల పేర్ల కోసం ఇంగ్లండులో స్ట్రిక్‌లాండ్ ఆధ్వర్యంలో 1842లో నియమాలు తయారయ్యాయి. మొక్కల కోసం అల్ఫాన్స్ డి కాండోల్ రూపొందించిన నియమాలను 1867లో పారిస్‌లో వృక్షశాస్త్రజ్ఞుల సభ ఆమోదించింది. ఆనాటి నుంచీ ఎవరి పుస్తకం వారిది. శిలీంధ్రాలు, శైవలాలు మొక్కల పుస్తకంలోనే ఉన్నాయి. బాక్టీరియాకు మరో పుస్తకం. ఒక పుస్తకంలో ఉన్న పేరు ఇంకో పుస్తకంలో ఉండకూడదన్న కట్టడి మొక్కలకూ జంతువులకూ మధ్య లేదు. కొత్త పేరు పెట్టబోయే జంతుశాస్త్రజ్ఞులు ముందుగా మొక్కల పేర్ల పట్టిక కూడా చూసుకుని, ఉన్న పేరు మళ్లీ పెట్టకుండా ఉంటే మంచిదని ఇప్పటి జంతు నియమావళి సలహా ఇస్తుంది. సలహా మాత్రమే. పైగా పాత పేర్లు పాతుకుపోయాయి.

ఇది బ్యాంకు ఉద్యోగికి వెంటనే అర్థమయ్యే విషయం. మా రోజుల్లో నాందేడ్ బ్రాంచిలో 1250 నంబరు ఖాతా ఉంటే, అదే బ్యాంకు దెగ్లూర్ బ్రాంచిలో కూడా 1250 నంబరు ఖాతా ఉండేది. ఒక బ్రాంచిలో ఒక నంబరు ఒకరికే. రెండు బ్రాంచిల మధ్య మాత్రం అడ్డు లేదు. అందుకే నంబరుతో పాటు బ్రాంచి పేరు రాయమని పోరేవాళ్లం. ఇప్పుడు మీరు ఫారాల్లో నింపే పదకొండు అక్షరాల ఐఎఫ్‌ఎస్‌సి కోడులో చివరి ఆరు గుర్తులు ఆ బ్రాంచిని చెప్పడానికే.

ఇక కొన్ని ఉదాహరణలు చూద్దాం. ఫైకస్ సంగతే ముందు. లాటిన్‌లో ఆ మాటకు అంజూరం అని అర్థం. రావి, మర్రి, మేడి, అంజూరం అన్నీ ఆ ఇంటివే. మేడిపండు లోపల పురుగులని మనం తీసిపారేస్తాం గాని, ఆ చిన్న కందిరీగలు లోపలికి దూరి పరాగసంపర్కం చేస్తేనే ఆ జాతికి విత్తనం. సముద్రంలో ఉండే ఫైకస్ ఇసుక నేలల్లో బతికే నత్త. దాని గుల్ల పల్చగా, ఒక వైపు ఉబ్బెత్తుగా, రెండో వైపు సన్నగా సాగి, అచ్చం అంజూర పండు ఆకారంలో ఉంటుంది. ఆ పోలికతోనే ఆ పేరు. అంటే పేరు పెట్టిన ఇద్దరూ అదే పండును తలుచుకున్నారు.

అన్నిచోట్లా అలా కాదు. మల్బరీని మోరస్ అంటారు. మన మరాఠ్వాడాలో పట్టు పురుగుల కోసం మల్బరీ వేస్తున్న రైతులు ఉన్నారు, ఆ మొక్కే. పట్టు పురుగు పేరు బాంబిక్స్ మోరై, అందులో మోరై అంటే మల్బరీకి చెందినది అని. ఇక సముద్రం మీద ఎగురుతూ ఒక్కసారిగా నీళ్లలోకి దూకి చేపలు పట్టే గానెట్ అనే పెద్ద తెల్ల పక్షి ఉంది. దాని ఇంటిపేరూ మోరస్సే. కాని అది లాటిన్ మల్బరీ నుంచి రాలేదు. గ్రీకులో తెలివితక్కువది అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, మనుషులకు భయపడకుండా సులువుగా చిక్కేదట. చదవడానికి ఒకే మాట, పుట్టుక రెండు భాషల్లో. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం ఉండదని పెళ్లిసంబంధాలు చూసే పెద్దలకు చెప్పనక్కరలేదు.

ఈనాంథీ అనే పేరు మొక్కదీ, పక్షిదీ. పక్షి పిచ్చుకంత ఉంటుంది, ఎండు నేలల మీద తిరుగుతుంది. ఈ ప్రజాతిలోని కొన్ని జాతులు చలికాలంలో వాయవ్య భారతంలోని ఎండు భూములకు వలస వస్తాయి. మొక్క చూడబోతే కొత్తిమీర, వాము కుటుంబానికి చెందినది. తడి నేలల్లో పెరుగుతుంది. అందులో ఐరోపాలోని ఈనాంథీ క్రొకేటా మనుషుల్నీ పశువుల్నీ చంపేంత విషం. అదే ఇంటిపేరున్న ఈనాంథీ జవానికాను తూర్పు ఆసియాలో కూరగా వండుకుంటారు. కాబట్టి ఇంటిపేరు ఒక్కటే చూసి ఏదీ నోట్లో పెట్టుకోరాదు. ఈ ముక్క ఆయుర్వేదం, ఫార్మసీ చదవబోయే పిల్లలు గుర్తుంచుకోవాలి.

పైరిస్ ఒక తెల్ల సీతాకోకచిలుక, దాని గొంగళి క్యాబేజీ తోటల్ని తినేస్తుంది. పైరిస్ హిమాలయాల నుంచి జపాను దాకా పెరిగే ఒక పొద కూడా. డ్రసీనా అని మన నర్సరీల్లో కుండీల్లో అమ్ముతారు, ఆ పేరుతో దక్షిణ అమెరికాలో నత్తల్ని తినే పెద్ద బల్లి ఉంది. ఐరిస్ అంటే పువ్వు, ఐరిస్ అంటే గొల్లభామలాగా కనిపించి ముందుకాళ్లు జోడించి నిలబడే ఒక కీటకం. లాక్టేరియస్ అనే పేరు మన సముద్ర తీరంలో దొరికే ఒక చేపకూ ఉంది, తెంపితే పాలు కారే ఒక పుట్టగొడుగు జాతికీ ఉంది. బాసిల్లస్ అనగానే మీకు బాక్టీరియా గుర్తొస్తుంది. దక్షిణ ఐరోపాలో పుల్లలాగా కనిపించే పురుగుకు ఆ పేరు అంతకు ముందే ఉంది. అన్నీ చెబుతూ పోతే ఈ సంచిక చాలదు.

మన ఇళ్ల ముందు కాగితం పూల తీగ ఉంటుంది, దాన్ని బోగన్‌విలియా అంటాం. బూగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడి పేరు మీద వచ్చింది. ఆయన పేరు మీదే సముద్రంలో జెల్లీచేప తరహా చిన్న జీవి కూడా ఉంది. ఇంగ్లీషులో రాస్తే రెండింటికీ చివర్లో ఒక్క అక్షరం తేడా. కంప్యూటరులో వెతికేటప్పుడు ఆ ఒక్క అక్షరం తప్పు కొడితే తీగ బదులు జెల్లీచేప వస్తుంది.

ఇంతవరకూ ఇంటిపేర్లు కలిసినవి. అరుదుగా పూర్తి పేరు, అంటే రెండు మాటలూ కలిసిపోయినవీ ఉన్నాయి. మన అమ్మాయి అతికించింది అలాంటిదే. ఫైకస్ వేరియగేటా అనే చెట్టు ఆగ్నేయాసియా అడవుల్లో పెరుగుతుంది, మన మేడిలాగే కాండానికే గుత్తులుగా కాయలు కాస్తుంది. ఫైకస్ వేరియగేటా అనే నత్త హిందూ మహాసముద్రం, పడమటి పసిఫిక్ వెచ్చని నీళ్లలో ఉంటుంది. ఇంకో జంట గాసియా ప్రిన్సెప్స్. ఒకటి క్యూబా దేశంలోని తాటి కుటుంబపు చెట్టు. రెండోది లోతు సముద్రంలో మెరిసే, రొయ్యల వర్గానికి చెందిన అతి చిన్న జీవి, దాని వెలుగునిచ్చే ప్రోటీన్‌ను ప్రయోగశాలల్లో వాడుతున్నారు. మూడోది అగాథిస్ మోంటానా. న్యూ కాలెడోనియా దీవి కొండల మీద చెట్టు ఒకటి, ఇతర పురుగుల మీద బతికే కందిరీగ ఒకటి.

అయితే తేడా కనిపెట్టేది ఎలా? మూడు ఆనవాళ్లు చెబుతాను.

మొదటిది కుటుంబం పేరు. మొక్కల కుటుంబాల పేర్లు లాటిన్‌లో 'ఏసీ' అని ముగుస్తాయి, జంతువులవి 'ఇడీ' అని ముగుస్తాయి. ఫైకస్ చెట్టు మోరేసీ కుటుంబం, అంటే మల్బరీ పేరు మీద వచ్చిన కుటుంబమే. ఫైకస్ నత్త ఫిసిడీ కుటుంబం. ఈ ఒక్క మాట పక్కన రాస్తే చాలు, ఎవరూ పొరబడరు.

రెండోది పేరు పెట్టినవారి పేరు. శాస్త్రజ్ఞులు లాటిన్ పేరు తర్వాత ఆ పేరు పెట్టినవారి పేరు రాస్తారు. మొక్కలకైతే సాధారణంగా పొడి అక్షరాలు, లిన్నేయస్‌కు ఒక్క 'ఎల్' అక్షరం. జంతువులకైతే పూర్తి ఇంటిపేరు, సంవత్సరం కూడా వేయడం ఆనవాయితీ. ఫైకస్ వేరియగేటా పక్కన బ్లూమ్ అని ఉంటే చెట్టు, రోడింగ్ అని ఉంటే నత్త.

మూడోది చిన్నదే గాని నాకు చాలా ఇష్టమైనది. నాగుపాము పేరు నాజా నాజా. దాని పక్కన లిన్నేయస్, 1758 అన్నది బ్రాకెట్లలో రాస్తారు. బ్రాకెట్లు ఎందుకంటే, లిన్నేయస్ మొదట పెట్టిన ఇంటిపేరు నాజా కాదు, కొలూబర్. తర్వాత వేరే ఇంటికి మార్చారు. ఖాతా ఒక బ్రాంచి నుంచి మరో బ్రాంచికి బదిలీ అయిందని లెడ్జరులో రాసుకున్నట్టు, ఆ బ్రాకెట్లే బదిలీ గుర్తు. అన్నట్టు, నాజా నాజా లాగా ఇంటిపేరూ పేరూ ఒకటే కావడం జంతువుల్లో చెల్లుతుంది. మన చుక్కల జింక ఆక్సిస్ ఆక్సిస్ కూడా అంతే. మొక్కల్లో అది నిషిద్ధం. అలాంటి పేరు చూస్తే అది మొక్క కాదని కళ్లు మూసుకుని చెప్పవచ్చు.

ఇప్పుడు ఆ మాట నా చెవిలో ఎందుకు ఉండిపోయిందో చెబుతాను.

1986లో నేను పొదుపు ఖాతాల కౌంటరులో ఉండేవాణ్ని. అప్పుడు కంప్యూటర్లు లేవు, పెద్ద పెద్ద లెడ్జర్లు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు ఖాతాదారులు మా బ్రాంచిలో ఉండేవారు. ఒకరు మోండాలో ధాన్యం ఆడత్ నడిపే పెద్దమనిషి. రెండోవాడు పద్ధెనిమిదేళ్ల పిల్లవాడు, పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. ఆ పిల్లవాడికి 640 రూపాయల ఉపకార వేతనం చెక్కు వచ్చింది. చెక్కు మీద పేరు ఉంది. చీటీ మీద ఖాతా నంబరు సరిగా కనిపించలేదు. నేను పేరు చూశాను, లెడ్జరు తిప్పాను, పేరు కనబడింది, జమ వేసేశాను. ఆ పేజీ ఆడత్ పెద్దమనిషిది.

ఆ సాయంత్రం లెక్కలు పైసాతో సహా సరిపోయాయి. నెలాఖరు బ్యాలెన్సు కూడా సరిపోయింది. ఎందుకు సరిపోదు? 640 రూపాయలు బ్రాంచిలోనే ఉన్నాయి కదా, మనిషే మారాడు. అలాంటి తప్పును మొత్తాలు పట్టివ్వవు. పిల్లవాడు మూడుసార్లు వచ్చి అడిగాడు. మూడుసార్లూ "ఇంకా రాలేదు బాబూ" అని చెప్పింది నేనే. చివరకు ఆడత్ పెద్దమనిషి పాసుబుక్కు రాయించుకోవడానికి వచ్చి, "ఈ 640 నాది కాదు, ఎవరిదో చూడండి" అన్నారు. అప్పటికి ఫీజు గడువు దాటింది. సీటు తర్వాతివాడికి వెళ్లింది. మర్నాడు పిల్లవాడి తండ్రి వచ్చారు. గట్టిగా ఒక్క మాట అనలేదు. "మా వాడు పేరు మార్చుకోవాలా సార్?" అని అడిగారు. మేనేజరుగారు నన్ను తిట్టింది నాకు గుర్తు లేదు, ఈ మాట గుర్తుంది. పిల్లవాడు మరుసటి ఏడు చేరాడు, అతని చదువు బాగానే సాగిందని తర్వాత విన్నాను. ఒక ఏడు మాత్రం పోయింది. ఆ రోజే రెండు పేజీల తల మీదా తండ్రి పేరు, ఊరు ఎర్ర సిరాతో రాశాను. అది ముందే చేసి ఉండాల్సింది.

జీవజాతుల జాబితాల్లోనూ ఇదే ఇబ్బంది ఉందట. 2001లో ఏర్పడిన జీబీఐఎఫ్ వంటి అంతర్జాతీయ సంస్థలు దేశదేశాల నుంచి వచ్చే కోట్లాది నమోదులను కంప్యూటర్లలో కలుపుతాయి. పేరును బట్టి మాత్రమే కలిపితే, సముద్రంలో దొరికిన ఫైకస్ అడవిలోని ఫైకస్ ఖాతాలో పడుతుంది. మొత్తం సంఖ్య మాత్రం సరిగానే ఉంటుంది. అందుకే పేరుతో పాటు రాజ్యం, కుటుంబం కూడా చూసి కలుపుతారు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన నాందేడ్ జిల్లా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. మా నాన్నగారి కాగితాలు ఉర్దూలో, నావి మరాఠీలో, మనవలవి ఇంగ్లీషులో. బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు మన ఇళ్లన్నింటిలో ఇదే కథ. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది. ఇక్కడి కాగితాల్లో కొన్నింట ముందు, కొన్నింట చివర పూర్తిగా ఉంటుంది, మధ్యలో తండ్రి పేరు వస్తుంది. ఒకే పిల్ల మూడు కాగితాల్లో ముగ్గురుగా కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలు ఒకరుగా కూడా కనిపిస్తారు. మన ట్రస్టు దరఖాస్తులో పదో తరగతి మార్కుల పట్టీలో ఉన్న వరసలోనే పేరు రాయండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సి కోడు తప్పక నింపండి. పాసుబుక్కు మొదటి పేజీ నకలు జతచేయండి. ఖాళీ వదిలేస్తే ఎర్ర సిరా పట్టుకుని నేనే మీ ఇంటికి రావలసి వస్తుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. జాబితా ఖాయం కాకముందే కమిటీ మళ్లీ కూర్చున్నప్పుడు, నేను రాసిన 'కాపీ' అన్న మాట కొట్టేయాలని చెప్పాను. ఒక సభ్యుడు ఒప్పుకోలేదు. "పేరు సరే, ఆమె చెట్ల మీద ప్రాజెక్టు చేసి నత్త బొమ్మ ఎందుకు పెట్టింది? చూసుకోలేదు కదా" అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. పొరపాటు పొరపాటే. కాని అది దొంగతనం కాదు, పేరు చూసి తప్పు పేజీలో వేసిన జమ. అలాంటి జమ వేసినవాణ్ని నేనే అని చెప్పాక ఎవరూ ఇంకేమీ అనలేదు. ఆమెను పిలిపించి ఇంకో అవకాశం ఇచ్చాం.

రెండోసారి తెచ్చిన ఫైలులో ప్రతి ఆకు కింద రెండు గళ్లు పెరిగాయి. ఒకదానిలో కుటుంబం, ఇంకొకదానిలో పేరు పెట్టినవారు, సంవత్సరం. చివరి పేజీలో చెట్టు, నత్త పక్కపక్కనే ఉన్నాయి. నేను తొమ్మిది మార్కులన్నాను, ఆ సభ్యుడు ఏడన్నారు, ఎనిమిది దగ్గర తేలింది. ఆమె పేరు జాబితాలో వచ్చింది.

వెళ్తూ వెళ్తూ ఆమె, "సార్, ముందు పేరు పెట్టింది చెట్టుకా, నత్తకా?" అని అడిగింది. నేను తడబడ్డాను. ఇద్దరం ఆమె ఫైలే తెరిచి చూశాం. ఫైకస్ అన్న ఇంటిపేరు చెట్లకు లిన్నేయస్ 1753లో రాశారు, నత్తలకు రోడింగ్ 1798లో పెట్టారు. వేరియగేటాతో కలిపిన పూర్తి పేరు చూస్తే నత్తకు అదే 1798లో, చెట్టుకు బ్లూమ్ 1825లో. ఇంటిపేరు చెట్టుది ముందు, పూర్తి పేరు నత్తది ముందు. ఆమె పెన్సిలు తీసి ఆ రెండు ముక్కలూ చివరి పేజీ అంచున రాసుకుని వెళ్లింది.